కిలోమీటర్ల కరణము

1984వ సంవత్సరమున మన రాష్ట్రమున కరణీకములు రద్దయినవని పలువురు నమ్ముచున్నారు. నాడు రద్దయినది ఉద్యోగమే కాని స్వభావము కాదనియు, ఆ స్వభావము దఫ్తరము కట్టిపెట్టి కొంతకాల మజ్ఞాతవాసము చేసి, ఇటీవల బిగుతైన నల్లలాగు తొడిగి, తలకు హెల్మెట్టు బిగించి, సైకిలెక్కి మరల లోకసంచారమునకు వెడలినదనియు నేను గండికోట యాత్రలో కన్నులార చూచి తెలిసికొంటిని.

దూరప్రయాణము చేయు ప్రతి సైకిలు బృందమునను ఇట్టి కరణముగారొకరు తప్పక యుందురు. పేరుతో పనిలేదు. వయస్సు నలువదియైదు, జీవనము సాఫ్టువేరు, వాహనము కార్బను చట్రముతో చేసినది, దాని బరువు 7 కిలోల 800 గ్రాములు. ఆ 800 గ్రాములే వారి మనోవ్యాధి. మూట బరువైనను తగ్గింపవలెనని పండ్లు తోముకొను బ్రష్షును సగమునకు విరిచి తెచ్చుకొనిన ఆ మహానుభావులు, చొక్కా క్రింద నిరాటంకముగా పెరుగుచున్న బొజ్జను మాత్రము స్థిరాస్తి పద్దున జమకట్టి లెక్కనుండి మినహాయించిరి. బ్రెవేయను గడువు సైకిలుయాత్రలలో 200 కిలోమీటర్లది పదమూడున్నర గంటలలోను, 600 కిలోమీటర్లది నలువది గంటలలోను ముగింపవలెనను గడువులు వారికి కంఠోపాఠములు. పెండ్లిరోజును మాత్రము ఫోనే గుర్తుచేయవలెను.

తెల్లవారుజామున తాడిపత్రిలో, పెన్న యొడ్డున, బుగ్గ రామలింగేశ్వరుని గుడిముందర మేమెనమండుగురమును సిద్ధమైతిమి. తక్కినవారము గోపురమునకు మ్రొక్కుచుండగా కరణముగారు మణికట్టు పైకెత్తి ఆకాశమునకు చూపుచు, కనులరమోడ్చి నిలిచియుండిరి. భక్తియని భ్రమపడితిని. "ఎవరూ కదలొద్దు, నాకింకా సిగ్నల్ దొరకలేదు" అనుదాక అది ఉపగ్రహోపాసనమని నాకు తెలియలేదు.

కొలిమిగుండ్ల దారి పొడవునను నాపరాళ్ల గనులు. పలకలను నిలువున పేర్చుకొనిన లారీలు దాటిపోయినప్పుడెల్ల తెల్లని రాతిపొడి లేచి మా మొగములకు విభూతి పూయుచుండెను. అట్టి ధూళిలో, చిల్లకంపల ప్రక్కన, కరణముగారి వెనుక చక్రము బుస్సుమనెను. వారు వెంటనే దిగక, నాడి నిమిషమునకు 148 అనియు, సగటు వేగము 22 నుండి 21.7కు దిగజారినదనియు ప్రకటించి, గడియారమును నిలిపి, అటుపిమ్మట దిగిరి. ఏ పీడనమున ఏ ముల్లు ఏ కోణమున దిగునో వారు మాకు వివరించుచుండగా, మేకలు తోలుకొని వచ్చిన పిల్లవాడొకడు టైరును బొటనవ్రేలితో ఒకచుట్టు తడవి, అంగుళము పొడవు సర్కారుతుమ్మ ముల్లును పెరికి, వారి యరచేతిలో పెట్టి, మేకల వెంట పోయెను. కరణముగారు దాని బరువు చూడలేదు. అది వారి యౌదార్యము.

పూటకూటి యంగడిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించుకొంటిమి. "అమ్మా, ఒక ప్లేటు ఎన్ని గ్రాములు?" అని వారడిగిరి. "కడుపు నిండేంత సామీ" అని యామె గరిటె యాపకయే చెప్పెను. ఆ జవాబు ఏ గడిలో వ్రాయవలెనో తోచక, వారు రెండవ ప్లేటు కూడ తిని చూచిరి.

బెలుము గుహల యొద్ద అసలు చిక్కు వచ్చినది. 3,229 మీటర్ల పొడవున భూగర్భమున జలము తొలిచిన ఆ సొరంగములలోనికి, పాతాళగంగ చప్పుడు వినవలెనని మేమందరము ఉబలాటపడి దిగితిమి. కరణముగారు మెట్ల దగ్గరనే ఆగిపోయిరి. "లోపల ఉపగ్రహం అందదు కదండీ. నడిచినా పద్దులో పడదు" అనిరి. స్ట్రావా యను ఆ ఫోను పద్దులోనికెక్కని నడక నడకయే కాదని వారి సిద్ధాంతము. మేము చెమటతో తడిసి, అబ్బురపడి పైకి వచ్చుసరికి వారు వేపచెట్టు నీడను కూర్చుండి, ఆగియున్న చక్రమునకు కావలి కాయుచుండిరి.

జమ్మలమడుగు దాటి కోట చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. మా బృందములోని చరిత్రోపాధ్యాయుడు, 1652లో టావెర్నియేయను ఫ్రెంచి రత్నవర్తకుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను చూచుటకు ఇచ్చటికే వచ్చెనని భక్తితో చెప్పగా, కరణముగారు "సొంత కాళ్ల మీద వచ్చాడా, వాహనం మీదా?" అని ప్రశ్నించి, వాహనమనగానే ఆ ఫ్రెంచివానిని లెక్కనుండి కొట్టివేసిరి.

మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు దాటి మేము బండల యంచునకు చేరితిమి. తెల్లవారుజామున తాడిపత్రిలో ఇసుకమీద సోమరిగా పడియుండిన ఆ పెన్నయే, ఇచ్చట ఎఱ్ఱమల కొండను నిలువున కోసికొని, ఇరుప్రక్కల పుస్తకములు పేర్చినట్లున్న ఎఱ్ఱబండల నడుమ, సుమారు 300 అడుగుల లోతున ఆకుపచ్చగా పారుచుండెను. ఎండ ఒక్కొక్క పొరనే వీడుచు పైపైకి ఎగబ్రాకుచుండెను. ఎవరమును మాటలాడలేదు. అప్పుడు లెక్కించుకొనగా ఏడుగురమే యుంటిమి.

వెదకికొనుచు వెనుకకు పోతిని. కోటలోపలి యూరి నడుమ, రచ్చబండ చుట్టును, కరణముగారు సైకిలుపై గిరగిర తిరుగుచుండిరి. పద్దున 98.6 కిలోమీటర్లే పడినవట. అరుగుమీద కూర్చుండిన అవ్వ యొకతె చేయి నొసటికి అడ్డము పెట్టుకొని చూచి చూచి,

"ఏం నాయనా, అప్పుట్నించీ ఆడాడే తిరుగుతాండావు, ఏమన్నా పారేసుకుంటివా?" అనెను.

"నూరు, అవ్వా! నూరు కావాల!" అని కరణముగారు మలుపులో నుండి రొప్పుచు కేకవేసిరి.

"అయ్యో, నూరు రూపాయలే!" అని యామె నోరు నొక్కుకొని, వీధిలో ఆడుకొను పిల్లలను పిలిచెను. నలుగురైదుగురు చేరిరి. కరణముగారు ముందు తొక్కుచుండగా, వారందరును వంగి, దుమ్ములో ఆయన చక్రపుజాడనే పట్టుకొని, ఆ నోటును వెదకుచు వెంబడించుచుండిరి. మీటరు 99.2 చూపుచుండెను.