మాస్టారి చెయ్యి

రాజమండ్రిలో, మాస్టారింట్లో, ఒక పొద్దుట సాసర్లో కప్పు టకటకలాడింది. మాస్టారు పేపర్లోంచి తల ఎత్తలేదు. వంటింట్లో ఉన్న ఆవిడకి మాత్రం వినపడింది. మర్నాడూ వినపడింది. వారం తిరక్కుండా ఆయన్ని తీసుకెళ్లి నరాల డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

డాక్టరు చేతులు చాపమన్నారు, ఒళ్లో పెట్టుకోమన్నారు, వేళ్లు ఆడించమన్నారు, వరండాలో అటూ ఇటూ నడిపించారు. అన్నీ అయ్యాక "పార్కిన్సన్స్ కావచ్చు, కాకపోనూవచ్చు" అన్నారు.

"ఏదో ఒకటి తేల్చి చెప్పండి బాబూ, ఏ పరీక్ష అంటే అది చేయిస్తాం" అంది ఆవిడ.

"రక్తం తీస్తే పట్టుబడే జబ్బు కాదమ్మా ఇది. తలకి ఎమ్మారై తీయిస్తాం గానీ, అది వేరే జబ్బులేవీ లేవని చూసుకోడానికే. ఇది ఉన్నా అందులో ఏమీ కనపడకపోవచ్చు. కంటితో చూసి పట్టుకోవాలి. ఆరు నెలలు గమనించి రాసుకు రండి. రోజంతా ఆయన్ని చూసేది మీరేగా."

డాక్టరుకి ఏమీ తెలీదు, అందుకే వాయిదా వేశాడని చుట్టాలు తేల్చేశారు. పాపం, ఆయన తప్పేమీ లేదు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి పుస్తకం రాసినప్పుడు ఆయన దగ్గరున్నది ఆరుగురి సంగతే. అందులో ఇద్దరు వీధిలో తారసపడ్డవాళ్లు. ఇంకొకాయన్ని దూరం నుంచి చూశాడంతే. అప్పటికీ ఇప్పటికీ ఎన్ని యంత్రాలొచ్చినా, మొదట పసిగట్టేది కన్నే.

ఆవిడ రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు తెప్పించింది. రామకోటి రాసి భద్రాచలంలో సమర్పించి వచ్చిన మనిషి. గడిలో అక్షరం గీతకి తగలకుండా కూర్చునే దస్తూరీ. టీవీ చూస్తూ చెయ్యి ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతోందా, కప్పు ఎత్తినప్పుడా? గుండీలు పెట్టుకోడానికి ఎంతసేపు పడుతోంది? నిద్రలో కేకలు వేస్తున్నారా, కాళ్లు విసురుతున్నారా? కనురెప్పలు సరిగ్గా కొడుతున్నారా? డాక్టరు చెప్పిన ప్రతి గుర్తూ తేదీ, టైముతో సహా పుస్తకంలోకి ఎక్కింది.

సాయంత్రాలు గోదావరి గట్టు మీద నడక. ఎన్నో ఏళ్లుగా పక్కన నడిచే మనిషి, ఆయన చేతులు సమంగా ఊగుతున్నాయో లేదో చూడ్డానికి నాలుగడుగులు వెనక నడవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి ఆ దూరం పదడుగులైంది. "ఎక్కడే? తొందరగా రా" అని మాస్టారు వెనక్కి తిరక్కుండానే కేకేసేవారు.

వాసన పరీక్షకి ఇంగువ డబ్బా తీసింది. ముందు తను చూసి, పాతబడిపోయిందని కొట్టువాణ్ణి తిట్టి, కొత్తది తెప్పించింది. అదీ అంతే. కల్తీ సరుకనుకుంటూనే మాస్టారి ముక్కు కింద పెట్టింది. ఆయన రెండు తుమ్ములు తుమ్మి "చంపేస్తావా ఏమిటే!" అన్నారు. 'వాసన బాగా తెలుస్తోంది' అని సంతోషంగా రాసుకుంది.

జబ్బని తేలితే మందులున్నాయి. కాదంటే మొక్కులున్నాయి. ఈ 'కావచ్చు'తో కాపురం చెయ్యడమే కష్టం. పిల్లని చూసెళ్లిన పెళ్లివారు ఊ అనకుండా, ఊహూ అనకుండా నానబెట్టినట్టు ఉంటుంది. ఆయన చెంచా జారవిడిస్తే ఆవిడకి ఆ పూట ముద్ద దిగేది కాదు. ఆయన మాత్రం "మా నాన్నకీ వణికేది, తొంభై ఏళ్లు బతికాడు" అని చెంచా కడుక్కుని భోంచేసేవారు.

బెంగళూరులో ఉన్న కొడుక్కి ఆ వారం పేజీలు ఫోటో తీసి పంపేది. "అమ్మా, ఫోన్ కదపకుండా పట్టుకో. జూమ్ చేసినా ఒక్క ముక్క కనపడ్డం లేదు" అనేవాడు వాడు. లైటు కింద పెట్టి మళ్లీ తీసేది. అలా తీసీ తీసీ కుడి భుజం పట్టేసిందని రాత్రిళ్లు బామ్ రాసుకునేది.

ఆరు నెలలకి మళ్లీ డాక్టరు గది. ఆయన పుస్తకం మొత్తం తిరగేశారు. మధ్యలో కళ్లజోడు పైకెత్తి, పేజీని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివారు. మాస్టారిని మళ్లీ పరీక్ష చేశారు. నీళ్ల గ్లాసు ఎత్తించారు, నడిపించారు, కాగితం మీద సంతకం పెట్టించారు.

"ఇది పార్కిన్సన్స్ కాదు మాస్టారూ. ఏదైనా ఎత్తినప్పుడు, రాసినప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి, ఒళ్లో పెట్టుకుంటే వణకడం లేదు. మీ నాన్నగారికీ ఉండేదన్నారు. ఇది వేరే రకం వణుకు, వంశంలో వస్తుంది. ఇబ్బందిగా ఉంటే చిన్న మాత్ర ఇస్తాను. ఈ పుస్తకం లేకపోతే ఇంత ధైర్యంగా చెప్పలేకపోయేవాణ్ణి."

ఆవిడ అక్కడే కళ్లొత్తుకుని అన్నవరం వ్రతానికి మొక్కేసుకుంది. పుస్తకం కోసం చెయ్యి చాపింది.

డాక్టరు ఇవ్వలేదు. మొదటి పేజీ, చివరి పేజీ మార్చి మార్చి చూస్తున్నారు. మొదటి పేజీలో రూళ్లు నిండా నిలబడ్డ అక్షరాలు చివరికొచ్చేసరికి ఆవగింజలంత అయ్యాయి. ఒక్కో వరుస మొదలు ఓ మాదిరిగా ఉండి, చివరికి సన్నబడి సున్నాలైపోయింది.

"ఇది రాసిందెవరమ్మా?"

"నేనేనండీ."

"ఒక్కసారి ఆ తలుపు దాకా నడిచి రండి."

నడిచొచ్చింది. ఎడమ చెయ్యి ఊగింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, పొట్టకి ఆనించినట్టు అలాగే ఉండిపోయింది.

డాక్టరు మాస్టారి వైపు తిరిగారు. "ఈవిడ కుడి చెయ్యి ఎన్నాళ్లుగా ఇలా ఉంటోందండీ?"

"ఎలా ఉంటోందండీ?" అన్నారు మాస్టారు.

డాక్టరు ఆయన్ని ఇంకేమీ అడగలేదు. కొత్త చీటీ తీసి, ఆవిడ పేరూ వయసూ రాసుకుని అన్నారు:

"ఇప్పుడే ఏదీ తేల్చి చెప్పలేనమ్మా. కొన్నాళ్లు జాగ్రత్తగా గమనించి రాయాలి. ఇంట్లో మీరిద్దరూ కాక ఇంకెవరైనా ఉన్నారా?"