ఛాంపియన్ రీఫ్‌లో ఉంగరాల లెక్క

కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎవరినైనా వెక్కిరించదలిస్తే కోలారు బంగారు గనుల కేజీఎఫ్ వాళ్ల ముందు మాత్రం కాస్త నోరు జాగ్రత్త. మా ఊళ్లో నూట ఇరవై ఏళ్లు కొండను కాదు, పాతాళాన్ని తవ్వారు. ఐదు కోట్ల టన్నులకు పైగా రాయి పైకి లాగితే 800 టన్నుల బంగారం తేలింది. ఆ బంగారంలో తవ్వినవాళ్ల వేళ్లకు ఎక్కిన ఉంగరాలెన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సరిగ్గా అలాంటి ఊళ్లో, రాబర్ట్‌సన్‌పేట టీ అంగడి ముందు మొన్న సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు ఉంగరాల లెక్క తేల్చారు.

"జోర్డాన్‌కి ఆరుండాయి. నీ లెబ్రాన్‌కి ఎన్నుండాయి మామా?"

"నాలుగు."

"అంతే కదా! ఇంకేం మాట్లాడతావ్?"

అయిపోయింది. లెబ్రాన్ పార్టీ కుర్రాడు పెళ్లిచూపుల్లో జీతం అడిగించుకున్నవాడిలా టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్లు దాటిన ఆట, నలభై వేలు దాటిన పాయింట్లు గంగలో కలిశాయి. వేళ్లు చాల్లేదు కనుక మనిషీ చాల్లేదు.

ఈ ఉంగరాల గొడవేమిటో తెలియని పెద్దల కోసం ఒక మాట. అమెరికాలో ఈ జోర్డాన్, లెబ్రాన్‌లు పేరు తెచ్చుకున్న ఎన్‌బీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ ఉంది. అందులో ఏటా గెలిచిన జట్టు తన ఆటగాళ్లకు బంగారంతో, వజ్రాలతో ఒక్కో ఉంగరం చేయించి ఇస్తుంది. కోర్టులో చెమటోడ్చినవాడికీ ఇస్తుంది, బెంచీ మీద తువ్వాలు ఊపినవాడికీ ఇస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత అక్కడ ఒప్పందంలోనే రాసుకున్నారన్నమాట. ఈ విందులో ఎవరి విస్తరి ఎన్నిసార్లు నిండిందో చూసి వంటవాళ్లలో ఎవడు గొప్పో తేల్చే విద్యకు ఉంగరశాస్త్రమని పేరు పెడదాం. టీవీ యాంకర్లు దీనికి మహామహోపాధ్యాయులు. టీ అంగళ్లలో ఉన్నది శిష్యపరమాణువులు.

శాస్త్రమన్నాక లెక్క ఒకటే ఉండాలి కదా. ఉంగరాలు ఎక్కువున్నవాడే గొప్పవాడైతే సింహాసనం బిల్ రస్సెల్‌ది. బోస్టన్ తరఫున 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు గెలిచాడు. చివరి రెండూ ఆడుతూనే కోచ్‌గా ఉండి గెలిచాడు. పది వేళ్లకు తొడిగినా ఒకటి మిగులుతుంది. ఆ పేరెత్తి చూడండి, లెక్కల మాస్టారికి వెంటనే పొడిదగ్గు అందుకుంటుంది. "అప్పుడు ఎనిమిది జట్లే కదండీ, అది వేరే కాలమండీ" అంటాడు. అంటే ఉంగరాలను ఆరు దాకానే లెక్కపెట్టాలి. ఏడో ఉంగరం నుంచి అది చరిత్ర పాఠమైపోతుంది.

పోనీ, ఏడు ఉంగరాలున్న రాబర్ట్ హారీ సంగతి? హ్యూస్టన్‌తో రెండు, లేకర్స్‌తో మూడు, శాన్ ఆంటోనియోతో రెండు గెలిచాడు. కాలం కూడా మరీ పాతది కాదు, 1994 నుంచి 2007 దాకా. జట్లు ఎనిమిదీ కాదు. ఏడు ఆరు కంటే పెద్దదని మా అంగన్‌వాడీ పిల్లలకూ తెలుసు. శాస్త్రజ్ఞుడు మళ్లీ గొంతు సవరించుకుంటాడు. "ఆయన సహాయపాత్ర కదా, హీరో అయ్యుండాలి." ఓహో! హీరో ఎవరో ముందే తెలిస్తే ఇక ఉంగరాలతో పనేమిటి నాయనా?

"ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి చూడాలి" అంటాడు అప్పుడు. సరే, అదీ చూద్దాం. ఆ బహుమతి పుట్టిందే 1969లో, రస్సెల్ ఆట మానేసిన ఏడు. మొదటిసారి ఎవరికిచ్చారు? ఓడిపోయిన లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌కి. ఇచ్చినవాళ్లకు ఆట కనబడిందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ తప్పు మళ్లీ జరగలేదు. 2009లో ఆ బహుమతికి బిల్ రస్సెల్ పేరు పెట్టారు. జీవితంలో ఒక్కసారీ దాన్ని అందుకోనివాడు రస్సెల్. ఇప్పుడు రస్సెల్ పేరున్న బహుమతి తీసుకున్నవాడు, అది లేని రస్సెల్ కంటే గొప్పవాడు! మా కోలారమ్మ సాక్షిగా, ఇంత చక్కటి లెక్క నేను గని కంపెనీ పుస్తకాల్లో కూడా ఉంటుందనుకోను.

ఈ శాస్త్రంలో ఓటమికీ మడి ఆచారాలున్నాయి. లెబ్రాన్ పదిసార్లు ఫైనల్స్‌కి చేరి ఆరుసార్లు ఓడాడు కనుక పాపి. జోర్డాన్ ఆరుసార్లు చేరి ఆరుసార్లూ గెలిచాడు కనుక నిష్కళంకుడు. జోర్డాన్ 1985లో, 86లో, 87లో తొలి రౌండులోనే ఇంటికెళ్లాడుగా? అవి లెక్కలోకి రావు. గర్భగుడి దాకా వెళ్లి కాలు జారితే మైల, ధ్వజస్తంభం దగ్గరే బొక్కబోర్లా పడితే పుణ్యం. ఆ ఓటముల్లోనే ఒకటుంది. 1986 ఏప్రిల్‌లో, బోస్టన్ సొంత కోర్టులో, కాలు విరిగి సీజన్‌లో ఎక్కువ భాగం ఆడలేకపోయిన కుర్రాడు 63 పాయింట్లు కొట్టి కూడా ఓడిపోయాడు. బాస్కెట్‌బాల్ ప్రేమించేవాడెవడైనా దాచుకోవాల్సిన రాత్రి. ఉంగరశాస్త్రంలో దాని విలువ సున్నా. జోర్డాన్‌ను దేవుణ్ని చేస్తున్నామనుకుంటూ జోర్డాన్ ఆటనే చెత్తబుట్టలో వేసే భక్తి ఇది.

ఇక ఆ ఉంగరాలు వచ్చిన దారి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2013 ఫైనల్స్, ఆరో ఆట. లెబ్రాన్ జట్టు మయామీ ఓటమి ఖాయమైపోయింది. ఎదుటివాళ్లకు కప్పు ఇవ్వడానికి కోర్టు చుట్టూ పసుపు తాడు కూడా కట్టేస్తున్నారు. లెబ్రాన్ వేసిన బంతి రింగుకు తగిలి బయటపడింది. క్రిస్ బాష్ ఎగిరి దాన్ని అందుకుని, వెనకడుగులేస్తూ మూలకు చేరిన రే అలెన్‌కి ఇచ్చాడు. 5.2 సెకన్లు మిగిలుండగా అలెన్ స్కోరు సమం చేశాడు. మయామీ ఆ ఆటా గెలిచింది, తర్వాతి ఆటా గెలిచింది. లెబ్రాన్ తప్పించిన రింగు ఒకటి, దానివల్ల వేలికెక్కిన రింగు మరొకటి! జోర్డాన్ ఖాతాలోని ఆరింట్లో 1993 నాటిది జాన్ పాక్సన్ చివరి బంతితో వచ్చింది, 1997 నాటిది స్టీవ్ కెర్ చివరి క్షణాల్లో వేసిన బంతితో వచ్చింది. అలెన్ చేయి వెంట్రుకవాసి వణికి ఉంటే మన టీ అంగట్లో లెక్క ఆరు, మూడు అయ్యేది. లెబ్రాన్ ఆట మాత్రం అంగుళం కూడా మారేది కాదు.

మా కోలారు టమోటా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జులైలో ఇక్కడి మండీలో 15 కిలోల బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. ఆ నెల పంట చేతికొచ్చినవాడు ఆదర్శ రైతు, టీవీల్లో ఇంటర్వ్యూ. అదే రైతు, అదే చేను, అదే నారు, ఇంకో ఏడాది రోడ్డు పక్కన పారబోసుకుంటాడు. అప్పుడు వ్యవసాయం చేతకానివాడు.

అమెరికా దాకా ఎందుకు, ఈ త్రాసును మన తెలుగునేల మీదే పెట్టి చూడండి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ వాల్సన్ 1983 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్‌లోనూ ఆడించలేదు, తర్వాత కూడా దేశానికి ఆడే అవకాశం రాలేదు. అది ఆయన తప్పు కాదు, పాపం. హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ 134 టెస్టులు ఆడాడు కానీ ప్రపంచకప్‌కి ఒక్కసారీ పిలుపు రాలేదు. ఉంగరశాస్త్రం ప్రకారం వాల్సన్ ఒకటి, లక్ష్మణ్ సున్నా. ఈడెన్‌లో 281 కొట్టిన మనిషి గోడకుర్చీ వేయాలి. ఐపీఎల్‌కి వస్తే మన గుంటూరు అంబటి రాయుడు ముంబైతో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ట్రోఫీలు గెలిచాడు. సరిగ్గా జోర్డాన్ అంత! విరాట్ కోహ్లీకి 2025లో మొదటిది వచ్చేదాకా సున్నా. తెలుగువాడిగా నాకు ఈ లెక్క బాగానే ఉంది. బెంగళూరులో గట్టిగా చెప్పే ధైర్యం మాత్రం లేదు.

లక్ష్మణ్ ఆ 281 ఆడింది 2001 మార్చి నడుమ. అంతకు రెండు వారాల ముందు, ఫిబ్రవరి 28న, మా గనులు మూసేశారు. ఆడినవాడి పేరు నిలిచింది. మా వాళ్లకు ఏం నిలిచిందంటే, ఊరి పక్కన బంగారం తీశాక మిగిలిన సైనైడ్ మట్టి గుట్టలు. గాలివాన వస్తే ఇంట్లోకి కూడా వస్తాయి.

మా దగ్గర ఛాంపియన్ రీఫ్ అనే గనే ఉంది. పేరులోనే ఛాంపియన్! 3,200 మీటర్ల లోతు. అడుగున రాయి 60 డిగ్రీలు దాటి కాలేది. ఎప్పుడు పగులుతుందో తెలియని ఆ రాతి కిందికి కేజ్ ఎక్కి దిగినవాళ్లు తాతలు, తండ్రులు, కొడుకులు. తమిళం, తెలుగు, కన్నడం కలిపి తిట్టుకుంటూ దిగేవాళ్లు. ఉంగరశాస్త్రం వేసి చెప్పండి, వీళ్లలో ఎవరు గొప్ప? ఎవరూ కాదు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ నడిపిన గనుల వాటాలు కొనుక్కుని, లండన్‌లో చలిమంట ముందు కూర్చుని డివిడెండ్ తీసుకున్న దొరగారే భూగోళంలోకెల్లా గొప్ప గనికార్మికుడు. ఉంగరం ఆయన వేలికే కదా ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అనేది సామెత అనుకున్నాను ఇన్నాళ్లూ. ర్యాంకింగ్ పద్ధతి అని ఇప్పుడు తెలిసింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1802. లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే సర్వే దొర, ఇక్కడ బంగారముందని విని, చూపించినవాళ్లకు బహుమతి అని చాటించాడు. పల్లె జనం బండ్లలో మట్టి తెచ్చి, ఆయన కళ్లముందే కడిగి, మెరిసే పలుకులు చూపించారు. పుస్తకాల్లో వారెన్ ఉన్నాడు. మట్టి కడిగినవాళ్లు "గ్రామస్థులు". బాస్కెట్‌బాల్‌లోనైతే కనీసం బంతి అందించినవాడికి అసిస్ట్ అని ఒక గడి ఉంది.

ఆ అసిస్ట్ గడి కూడా దక్కనివాళ్లను లేకర్స్ ఆటగాడు ఎల్జిన్ బేలర్ అర్థం చేసుకునేవాడు. ఎనిమిదిసార్లు ఫైనల్స్‌లో ఓడి, మోకాళ్లు అరిగి, 1971 నవంబరులో సీజన్ మధ్యలో ఆట మానేశాడు. ఆయన వెళ్లాక ఆడిన మొదటి ఆట నుంచే లేకర్స్ వరసగా 33 గెలిచింది, ఆ ఏడు టైటిలూ కొట్టింది. జట్టు మర్యాదగా ఆయనకూ ఒక ఉంగరం ఇచ్చింది. శాస్త్రజ్ఞులారా, బేలర్ లెక్క సున్నానా, ఒకటా? కరీమ్ అబ్దుల్ జబ్బార్ 2019లో తన ఆరు ఉంగరాల్లో నాలుగు వేలం వేసి, పిల్లల చదువులకిచ్చాడు. ఇప్పుడు ఆయన రెండు ఉంగరాల ఆటగాడా? వేలంలో నాలుగూ ఒకడే కొని ఉంటే వాడు లెబ్రాన్‌తో సమానమా?

ఈ చివరి ప్రశ్న అడిగితే టీ అంగడి కుర్రాళ్లకు మహా నచ్చింది. నచ్చినవాళ్లు ఊరుకోలేదు. పక్కనే ఉన్న కుదువ అంగడికి వెళ్లారు. గనులు మూతపడ్డాక మా ఊరి ఆడవాళ్ల మెడల్లోని బంగారమంతా ఇలాంటి అంగళ్ల గుమ్మాలు చూసిందే. ఒకడు ఫోనులో ఛాంపియన్‌షిప్ ఉంగరం బొమ్మ పెద్దది చేసి చూపించాడు.

"సేటూ, ఇలాంటివి ఆరు తెస్తే ఎంతిస్తావ్?"

సేటు అలవాటుగా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, బొమ్మను అటూ ఇటూ తిప్పించి చూశాడు.

"రాళ్లెన్నుండాయి దీంట్లో?"

"వందల్లో ఉంటాయి సేటూ. అన్నీ వజ్రాలే!"

"రాళ్లు తీసేసే తూస్తాం" అన్నాడు సేటు, మళ్లీ చిట్టా తెరుచుకుంటూ.