మైలేజీ సూత్రం: పుణె పాఠం, భద్రాద్రి పాఠం

మూలం: లీటరుకు 24.39 కి.మీ.*

మారుతి ఆల్టో కె10 మాన్యువల్ గేరు పెట్రోలు బండికి సంబంధించిన సూత్రం ఇది. సూత్రానికి ఉండవలసిన పొదుపంతా ఇందులో ఉంది. కర్త లేడు, క్రియ లేదు. ఉన్నదల్లా ఒక షష్ఠీ విభక్తి, ఒక అంకె, ఒక నక్షత్రం. అన్వయం చేసేటప్పుడు కర్తనూ క్రియనూ బయటి నుంచి తెచ్చుకోవాలి. షోరూములో ఆ పని సేల్స్ కుర్రాడు చేసిపెడతాడు: "బండి ఇస్తుంది సార్." అపార్థం ఆ అధ్యాహారంతోనే మొదలవుతుంది. ఖమ్మంలో కారు కొన్నవాడు ఈ సూత్రాన్ని నమ్మి భద్రాచలం పోయి వస్తే, తిరిగొచ్చేసరికి చేతిలో పదహారో పదిహేడో మిగులుతుంది. కంపెనీ అబద్ధమాడిందంటాడు. నా వాదం వేరు. మూలంలో అబద్ధం లేదు. మైలేజీని బండి ఒక్కదాని సొత్తుగా చదవడంలోనే పొరపాటుంది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మన కోలాచల మల్లినాథ సూరి పెట్టుకున్న నియమాన్ని పాటించినా, చివరి నక్షత్రాన్ని పాదపూరణం అనుకుని దాటిపోవడానికి వీల్లేదు. అదీ మూలమే.

నక్షత్రార్థం ఇది: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 115వ నియమం కింద పరీక్షా సంస్థ ధ్రువీకరించిన అంకె. పుణెలో 1966లో మొదలైన ఏఆర్ఏఐ ఆ సంస్థల్లో పేరుమోసింది గనుక జనం దీన్ని ఏఆర్ఏఐ మైలేజీ అంటారు. అక్కడ బండి రోడ్డెక్కదు, రోలర్ల మీద నిలబడి చక్రాలు తిప్పుతుంది. ఊళ్లో నడకను అనుకరించే భాగం నాలుగుసార్లు, ఊరి బయటి నడకను అనుకరించే భాగం ఒకసారి. మొత్తం 1180 సెకన్లు, పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్లో వేగం 50 మించదు, బయట 90 మించదు. గది వేడి 20, 30 డిగ్రీల మధ్య. ఏసీ బంద్. తాగిన పెట్రోలును నేరుగా కొలవరు. సైలెన్సర్లోంచి వచ్చిన పొగలో కార్బన్ ఎంతుందో చూసి వెనక్కి లెక్క కడతారు. బ్రేకులు అక్కడా పడతాయి, కాని ఆగిన బండి 50 అందుకోవడానికి 26 సెకన్లు తీసుకుంటుంది. ఖమ్మంలో పచ్చలైటు పడ్డాక అంత నిదానంగా కదిలితే వెనకవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తారు. అయినా అన్ని కంపెనీల బండ్లనూ ఒకే తక్కెడలో తూచడానికి ఈ పద్ధతి న్యాయమైనదే. ఆలంకారికులెవరైనా దీన్ని అతిశయోక్తి అంటే ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు చెప్పిన స్వభావోక్తి ఇది. జరిగిన చోటు భద్రాచలం రోడ్డు కాదు, అంతే.

ప్రతులను పోల్చి చూస్తే పుణె ప్రతిలో 24.39 ఉన్నచోట భద్రాద్రి ప్రతిలో పదహారున్నర కనిపిస్తుంది. ఇది లేఖక దోషం కాదు, పాఠభేదానికి కారణాలు దారిలోనే ఉన్నాయి. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి వంతెన దాకా దాదాపు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం చుట్టూ సింగరేణి బొగ్గు, పాల్వంచలో థర్మల్ కేంద్రపు బూడిద, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర: ఈ సరుకులన్నీ లారీలెక్కి చిన్న కార్ల ముందే నడుస్తాయి. జామాయిల్ లోడు వెనక చిక్కిన కారు స్థితి చూడండి. కర్రల కొసలు తొట్టి దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, చివర ఒక ఎర్రగుడ్డ ఊగుతుంటుంది, ఎదురు ఏమొస్తోందో కనబడదు. 80లో వచ్చిన కారు 30కి దిగుతుంది. సందు దొరకగానే గేరు తగ్గించి, యాక్సిలరేటర్ అదిమితొక్కి, మళ్లీ 80. మనుషులతో కలిపి టన్ను తూగే బండికి ఈ రెండు వేగాల మధ్య గతిశక్తి తేడా 210 కిలోజౌళ్ల పైన. బ్రేకు తొక్కితే అదంతా డిస్కుల్లో, డ్రమ్ముల్లో వేడైపోతుంది. లీటరు పెట్రోల్లో 32 మెగాజౌళ్ల శక్తి ఉన్నా చక్రాలకు చేరేది నాలుగో వంతు అనుకుంటే, పోయిన వేగం తిరిగి తెచ్చుకోవడానికి పాతిక మిల్లీలీటర్లు దాటుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన ఒక్కో బ్రేకు రెండున్నర రూపాయల పైమాటే. మూడు కిలోమీటర్లకొక లారీ చొప్పున నలభైసార్లయితే లీటరు పైన. సూత్రం ప్రకారం ఈ దూరానికి సరిపోవలసింది 4.92 లీటర్లు, ఈ లీటరు చేరగానే మైలేజీ 20కి దిగింది. ఇక ఏసీ. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లీటరు ఇంజనుకు కంప్రెసర్ చిన్న భారం కాదు, గంటకు అరలీటరు దాకా అదే లాగుతుంది. రెండున్నర గంటలకు మరో లీటరుంబావు. మొత్తం ఏడు లీటర్లు దాటింది, మైలేజీ పదహారున్నర. బంకువాడు తక్కువ పోయలేదు, కంపెనీ దొంగలెక్క చెప్పలేదు.

ఇక్కడ తార్కికుడు లేస్తాడు. అదే దారిలో, అదే లారీల వెనక, పెద్ద ఎస్‌యూవీ పది ఇస్తే ఆల్టో పదహారున్నర ఇస్తోంది కదా, ఆ తేడా బండి గుణం కాక మరేమిటి? గట్టి ప్రశ్నే. మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో గుణాలు 24 అన్నాడు. దశాంశాలు వదిలేస్తే మన సూత్రానికి అచ్చంగా సరిపోయాయి. ఆ ఇరవై నాలుగింటిలో సంయోగమూ ఒకటి. అది రెండు ద్రవ్యాలు కలిస్తేనే పుడుతుంది, ఏ ఒక్కదానిలోనూ ఒంటరిగా ఉండదు. మైలేజీని గుణమే అనండి, కాదనను. కాని రూపం లాంటి గుణం కాదు, సంయోగం లాంటిది. బరువు, ఇంజను బండివి. బ్రేకు పడే చోటు రోడ్డుది. తొక్కే కాలు మనిషిది. రెండు బండ్లలో ఏది తక్కువ తాగుతుందో తేల్చుకోవడానికి మూలం భేషుగ్గా పనికొస్తుంది, పుట్టిందే అందుకు. నెల పెట్రోలు ఖర్చు దాంతో కట్టుకున్నప్పుడే ఇల్లు గుల్లవుతుంది.

ఈమధ్య ప్రతి బంకు దగ్గరా వినిపించే పూర్వపక్షం ఇథనాల్. కొట్టిపారేయదగ్గది కాదు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ; 20 శాతం కలిపితే ఆరేడు శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ఇ10 వరకే సర్దుబాటు చేసిన పాత కార్లకు ఆరేడు శాతం, ఇ20కి సర్దిన కార్లకు ఒకటి రెండు శాతం నష్టం చెప్పింది. కాని 24.39 కాస్తా పదహారున్నర కావాలంటే ముప్పై శాతం పైగా పోవాలి. నేరంలో ఇథనాల్‌కు వాటా ఉంది, నేరమంతా దాని నెత్తిన రుద్దలేం. అడవి దారి, ఎత్తుపల్లాలు అనే వాదం అంతకంటే బలహీనం. ఖమ్మం కంటే భద్రాచలం పల్లంలో ఉంది. గోదావరి పారేది అక్కడే మరి. అసలు ఘాట్ చింతూరు దాటి మారేడుమిల్లి వైపు పోయేవాడికి తగులుతుంది. దిగుడులో న్యూట్రల్ చేస్తే కలిసొస్తుందనేది కార్బురేటర్ల కాలపు స్మృతి. ఇంజెక్షన్ బండి గేరులో ఉండగా కాలు తీస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తేనే ఇంజను ఆగిపోకుండా కొంత తాగుతుంది. ప్రాణం మీదికి వస్తుందన్నది వేరే సంగతి.

కనుక తాత్పర్యం: ఈ దారిలో మైలేజీ పోయేది బ్రేకు దగ్గర. అయితే జన్మంతా బొగ్గు లారీ వెనకే ఈడ్చుకుంటూ పొమ్మంటారా అని అడగవచ్చు. అననవసరం లేదు. 65లో వస్తూ, లారీ కనబడగానే కాలు తీసి, 45 దగ్గర ఎడం ఉంచి నిలదొక్కుకుంటే పోయే శక్తి 85 కిలోజౌళ్లు. ఇందాకటి 210లో సగం కూడా కాదు. అదీ బ్రేకులో కాలదు, ముందుకు జరగడానికే ఖర్చవుతుంది. ఆలస్యమయ్యే నిమిషాల విలువ ఎంతన్నది టీకాకారుడు తేల్చలేడు. ఆదివారం దర్శనానికి పోయే కుటుంబానికి ఒక ధర, భద్రాచలం ఆస్పత్రిలో మనిషిని పెట్టుకున్నవాడికి ఇంకో ధర.

స్వామికి చేయించిన నగల ఖర్చును కీర్తనలో ఏకరువు పెట్టి నిలదీసిన రామదాసు గుడి కట్టించిన ఊరికి పోయే దారి ఇది. ఖర్చుకు లెక్క అడగడం ఇక్కడ తప్పు కాదు. కాని లెక్క రాయడం రావాలి. డాష్‌బోర్డు చూపించే సగటు, ఇంజెక్టర్లు తెరుచుకున్న సమయాన్ని బట్టి కంప్యూటర్ కట్టిన అంచనా; సాక్ష్యంగా తీసుకోవచ్చు, తీర్పుగా కాదు. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు కొలవాలి, అదీ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ తనంతట తాను ఆగిన చోట. రానూపోనూ 240 కిలోమీటర్లకు పట్టేది పద్నాలుగున్నర లీటర్లు. నాజిల్ టక్కున ఆగాక బంకు కుర్రాడు మీటరు చూసి "పదహారొందలు చేసేయమంటారా సార్?" అంటాడు. వద్దనాలి. సుమారు 1,550 దగ్గర ఆగినదాన్ని 1,600 చేయడానికి పోసే అరలీటరు ఈ ప్రయాణంలో కాలింది కాదు. దాన్ని కలిపి భాగిస్తే పదహారున్నర కాస్తా పదహారవుతుంది. మళ్లీసారి అదే దారి తిరిగొచ్చి నాజిల్ ఆగిన చోటే ఆపిస్తే పదిహేడు దాటుతుంది. మధ్యలో ఇంజనాయిల్ మార్పించి ఉంటే ఆ ఘనత ఆయిల్‌కు పోతుంది, మెకానిక్ పేరు నాలుగు వీధుల్లో మోగుతుంది.