ఉచ్చారణ సారు

"సార్, నీళ్లు తాగొస్త" అన్నడు మూడో తరగతి పిలగాడు.
"తాగి వస్తాను, అను."
పిలగాడు అది నాలుగుసార్లు అప్పజెప్పేసరికి బెల్లు కొట్టిన్రు. మాట సాపయ్యింది, దూప దూపే ఉన్నది.

సారుది ఏ కృష్ణా జిల్లానో అనుకునేరు. పక్కనున్న బెల్లంపల్లే. నాయిన బొగ్గుబాయిల పనిజేసి రిటైరయ్యిండు. సర్కారు బడులల్ల 2022–23 నుంచి ఎనిమిదో తరగతి దాక ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినంక సారుకు డ్యూటీ డబులయ్యింది. పిల్లల తెలుగు దిద్దాలె, ఇంగ్లిషూ దిద్దాలె. ఇక పాఠానికి టైమేడిది?

సారు దగ్గర ఒక్కో యాసకు ఒక్కో రేటు. గుంటూరు నుంచి బదిలీ మీదొచ్చిన ఆఫీసరు బిడ్డ దీర్ఘం తీస్తే "ఎంత క్లియరో!" అని మురుస్తడు. బాయి కార్మికుని కొడుకు "మా బాపు వచ్చిండు" అంటే "వచ్చాడు" అనేదాక ఆ బాపును గేటు కాడనే నిలబెడ్తడు. ఇంట్ల కోలామీ, బజార్ల తెలుగు, బడిల ఇంగ్లిషు మాట్లాడే పిల్ల లెక్కకు సరైన జవాబే చెప్పినా సారు చెవి ఒత్తుల కాడనే ఆగుతది. ఆయనకొచ్చినయి రెండు భాషలు. మూడొచ్చిన పిల్ల పేరు ముంగట మాత్రం రిజిస్టర్ల "లాంగ్వేజ్ వీక్" అని రాసుకుంటడు.

సెప్టెంబర్ 9, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు మైకు సారుదే. "మన మాండలికమును మనమే గౌరవించుకొనవలెను" అని గంటసేపు మాట్లాడ్తడు. ఆఖరుకు "అందరికి దండాలు" అన్న పిలగాన్ని పక్కకు పిలిచి, "నమస్కారములు అనాలిరా" అని చెవిల చెప్తడు.

మొన్న అయిదో తరగతి పోరి ఫోన్ల వీడియోలు చూసి చూసి "వాడర్" అన్నది.
"ఏ గూడెం యాస ఇది? వాటర్ అను!"
పదిసార్లు అనిపించిండు. దసరాకు సారు బామ్మర్ది డాలస్ నుంచి దిగిండు. పొద్దున లేస్తె వాడర్, మాపటికి బెడర్. సెలవులయినంక సారు క్లాసుకు రాంగనే గొంతు సవరించుకొని, "పిల్లలూ, అసలైన ఉచ్చారణ వాడర్" అన్నడు. ఆ పోరిని లేపిండు.
"వాటర్, సార్!"
"ఎన్నిసార్లు చెప్పినా మీకు నాలుక తిరగదు!"
పోరి కాసేపు ఆలోచన చేసింది.
"స్పెల్లింగు గూడ మారిందా సార్?"