22 డిగ్రీలు

ఆదోని నూనెమిల్లులో ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన 2022 నవంబరులో భార్యను వెంటబెట్టుకుని ఇంగ్లండు పోయాడు. సొంతూరు ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టాడు. మగ్గం కూడు పెట్టక ఆదోని చేరి, బుడ్డల పొట్టు బాయిలర్‌లోకి ఎగదోసి స్టీము పుట్టించే పనిలో వయసంతా గడిపాడు. ఒక్కడే కొడుకు. లండన్‌కు పడమరనున్న రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతిల్లు. డిసెంబరు 11న మనవడి మొదటి పుట్టినరోజు.

ప్రయాణానికి ముందే కొడుకు డబ్బు పంపాడు. నాలుగు ఫుల్ చేతుల చొక్కాలు, రెండు స్వెట్టర్లు కొనుక్కోమన్నాడు. పొట్టి చేతులవి ఒక్కటి కూడా పెట్టెలో పెట్టొద్దన్నాడు.

"ఇక్కడి చలి నీకు తెలీదు నాయనా."

తల్లి ఆ మాట వీధిలో అందరికీ చెప్పుకుంది.

రెడింగ్ ఇంట్లో గీజరు లేదు, మిద్దె మీద ట్యాంకు లేదు. వంటింటి గోడకు తగిలించిన తెల్లటి పెట్టె ఒక్కటే ఉంది. దాన్ని కాంబీ బాయిలర్ అంటారని కొడుకు చెప్పాడు. కుళాయి తిప్పగానే లోపల గ్యాసు అంటుకుంటుంది. వీధి పైపులోంచి వచ్చే చన్నీళ్లు సన్నని స్టీలు రేకుల సందుల్లోంచి పోతూ అప్పటికప్పుడు కాగి బయటికొస్తాయి. కుళాయి కట్టేస్తే ఆ మంటే గదుల్లోని రేడియేటర్లకు వేడినీళ్లు అందిస్తుంది. రెండు పనులూ ఒక్కసారి చెయ్యదు. ఎవరైనా స్నానానికి దిగితే రేడియేటర్లు కాసేపు ఆగుతాయి. రెండు కుళాయిలు కలిపి తిప్పితే రెండింట్లోనూ ధార తగ్గుతుంది, లేదా నీళ్లు గోరువెచ్చగా వస్తాయి.

పెద్దాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. అడుగున రూపాయి బిళ్లంత గేజీ. ముల్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంది.

"ఒక్క కేజీనేనా?" అన్నాడు.

మిల్లులో ఆయన బాయిలర్ ఏడు కేజీల ఒత్తిడి మీద నడిచేది. ఆ రోజు నుంచి పొద్దున లేస్తూనే, కాఫీ కంటే ముందు, ఆ ముల్లు చూసేవాడు.

"చూడు గానీ ముట్టుకోవద్దు. ఇక్కడ గ్యాస్ సేఫ్ కార్డు ఉన్నవాళ్లే విప్పాల" అన్నాడు కొడుకు.

పెద్దాయనకు ఆ మాట నచ్చింది. ఆయనకూ సర్టిఫికెట్ ఉంది. 1923 నాటి బాయిలర్ల చట్టం కింద పరీక్ష పాసై తెచ్చుకున్న సెకండ్ క్లాస్ అటెండెంట్ సర్టిఫికెట్. మగ్గాల వీధి పిల్లవాడికి ఆ కాగితం దొరకడం చిన్న సంగతి కాదు. గేజీ గ్లాసులో నీటిమట్టం పడిపోయింది కనిపెట్టకపోతే బాయిలర్ పేలుతుంది. రాత్రి డ్యూటీలో అందరి ప్రాణాలూ ఆ ఒక్కడి కంటిచూపు మీద ఉంటాయి.

స్నేహితులొస్తే కొడుకు పరిచయం చేసేవాడు. "నాన్నగారు ఆదోనిలో ఆయిల్ మిల్లు చూసుకునేవారు." వాళ్లు నమస్కారం పెట్టేవాళ్లు. పెద్దాయనకు మాట్లాడుతూ చొక్కా చేతులు మడుచుకోవడం అలవాటు. కొడుకు లేచొచ్చి వాటిని కిందికి దించి గుండీలు పెట్టేవాడు. "చలి నాయనా." వచ్చినవాళ్లు చూసి ముచ్చటపడేవాళ్లు. ఈ కాలంలో ఇట్లాంటి కొడుకులు ఎక్కడున్నారని ఒకామె అన్నది కూడా.

ఆ ఏడాది అక్కడ గ్యాసు రేట్లు మండిపోయాయి. కరెంటూ గ్యాసూ కలిపి ఒక మామూలు ఇంటికి ఏటా 2,500 పౌన్ల దగ్గర నిలిచేలా ప్రభుత్వం రేట్లకు కట్టడి పెట్టాల్సి వచ్చింది. కొడుకు హాల్లో థర్మోస్టాట్‌ను 18 దాటనిచ్చేవాడు కాదు. పుట్టినరోజుకు మాత్రం 22 పెడతానన్నాడు.

డిసెంబరు రెండో వారం మంచు బిగిసింది. 11వ తేదీ, ఆదివారం. తెల్లారేసరికి బాయిలర్‌లో గుడగుడమని చప్పుడొచ్చింది. కాసేపటికి అదీ ఆగింది. తెర మీద ఏవో అంకెలు వెలిగాయి. రేడియేటర్లు చల్లబడ్డాయి. పదింటికి థర్మోస్టాట్ 13 చూపించింది.

కొడుకు ఫోన్ చేశాడు. చాలాసేపు పాట వినిపించాక, మంగళవారం దాకా మనిషి రాలేడన్నారు. ఒంటిగంటకు ముప్పైమంది అతిథులు. కోడలు పిల్లవాణ్ని రెండు దుప్పట్లలో చుట్టింది. తల్లి మాత్రం ఎమ్మిగనూరు నుంచి తెచ్చిన బొరుగులు తడిపి ఉగ్గానికి సిద్ధం చేస్తోంది.

"అందరికీ రావద్దని చెప్పేస్తా" అన్నాడు కొడుకు.

పెద్దాయన వంటింట్లోకి పోయి చపాతీ కర్ర తీసుకున్నాడు. ఒక కొస పెట్టెకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టాడు. కొడుకును బాయిలర్ మళ్లీ వెలిగించమన్నాడు. అది అంటుకుంది, గుడగుడమంది, ఆరిపోయింది.

"లోపల నీళ్లు నిలబడినాయిరా. దీని కండెన్స్ నీళ్లు ఏడికి పోతాయి?"

కొడుక్కి తెలీదు.

పొగగొట్టం గుండా పోయే వేడిని కూడా వదలకుండా పట్టుకునే బాయిలర్ అది. ఇంగ్లండులో 2005 నుంచి కొత్తవన్నీ దాదాపు అట్లాంటివే. వేడి పోయిన పొగలోంచి నీళ్లు దిగుతాయి. అవి బొట్లు బొట్లుగా ఒక ప్లాస్టిక్ పైపులో బయటికి పోవాలి. ఆ పైపు గోడ బయట ఉంటే గట్టి చలికి గడ్డకడుతుంది. నీళ్లు వెనక్కి తన్నుతాయి, బాయిలర్ తనను తాను ఆర్పేసుకుంటుంది. ఇదంతా పెద్దాయనకు ఎవరూ చెప్పలేదు. మిల్లులో స్టీము ట్రాపు మూసుకుపోతే లైను ఎట్లా కొట్టుకుంటుందో ఆయన చెవికి తెలుసు. నీళ్లకు దారి లేదని ఆ చెవే చెప్పింది.

పెరట్లో గోడ వెంట బొటనవేలు లావు తెల్ల పైపు, మీద మంచు పట్టి కనిపించింది. కోడలు కెటిల్ నింపి స్విచ్చి వేసింది. మరిగిన నీళ్లను పెద్దాయన బకెట్లో పోసి చన్నీళ్లు కలిపాడు. మరిగేవి పోస్తే ప్లాస్టిక్ పగులుతుందన్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, వేడి ఎంతుందో వేళ్లతో చూశాడు.

మణికట్టు నుంచి మోచేతి దాకా రెండు చేతుల మీదా చర్మం నున్నగా, తెల్లగా, ముడతలు పడి ఉంది. ఒక రాత్రి గేజీ గ్లాసు పగిలింది. స్టీము చిమ్ముతుంటే పక్కనున్నవాళ్లు పరుగెత్తారు. ఆయన అందులోకే చేతులు పెట్టి పైవాల్వూ కిందివాల్వూ కట్టేశాడు. కొడుకు ఇంజనీరింగులో చేరిన ఏడాది అది. ఫీజు గడువు దగ్గరపడిందని కట్లు విప్పకముందే డ్యూటీ ఎక్కాడు.

పైపు పొడవునా చెంబుతో మెల్లగా పోసుకుంటూ పోయాడు. మూడో బకెట్‌కు పైపు కొసలోంచి మంచు కడ్డీ ఒకటి జారి డ్రైన్‌లో పడింది. వెనకే నీళ్లు దూకాయి. లోపలికొచ్చి కొడుకుతో రీసెట్ బొత్తాం నొక్కమన్నాడు. తను నొక్కలేదు. బాయిలర్ అంటుకుంది, ఆరలేదు.

కంచె అవతల నుంచి పక్కింటి ముసలాయన అంతా చూశాడు. ఆయన బాయిలర్ కూడా ఆగిపోయింది. పెద్దాయన బకెట్ తీసుకుని అక్కడికీ పోయాడు.

ఒంటిగంటకు ఇల్లు నిండింది. వచ్చినవాళ్లు కోట్లు విప్పి కుర్చీల మీద వేశారు. పిల్లలు స్వెట్టర్లు తీసేసి పరుగులు పెడుతున్నారు. కొడుకు పొట్టి చేతుల టీషర్టులో తిరుగుతూ అందరికీ ఉగ్గాని అందిస్తున్నాడు. పెద్దాయన చేతులు ఇంకా మడిచే ఉన్నాయి.

పక్కింటి ముసలాయన చాక్లెట్ల డబ్బాతో వచ్చాడు. నేరుగా పెద్దాయన దగ్గరికి పోయి, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. మచ్చల వంక చూశాడు. ఏం పని చేసేవారని గట్టిగా అడిగాడు. హాల్లో మాటలాగాయి. తలలన్నీ అటు తిరిగాయి.

పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. అయినా ప్రశ్న అర్థమైంది. నవ్వుతూ నోరు తెరిచాడు.

కొడుకు పళ్లెం కింద పెట్టి గబగబా వచ్చాడు. తండ్రి చేతులు విడిపించి, చొక్కా చేతులు మణికట్ల దాకా లాగి, గుండీలు పెట్టాడు.

"నాన్నగారికి చలి పడదు" అన్నాడు అందరికీ వినపడేలా.

గోడ మీద థర్మోస్టాట్ 22 చూపిస్తోంది.