తాటికాయా, గుమ్మడికాయా?

ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాడికి మిక్సీ బాగుచేయడం రాదంటే మా అత్తగారి ఊళ్లో ఎవరూ నమ్మరు. బోరు మోటారు కాలిందా, అయివోరికి చూపించు. ఇన్వర్టరు కూస్తోందా, సంక్రాంతికి అయివోరు వస్తారుగా, అందాకా కూయనీ. న్యూటన్ చెప్పిన మూడు సూత్రాల్లో ఒక్కటి కూడా మిక్సీ జారు పట్టేస్తే ఏం చేయాలో చెప్పదని నేను మొత్తుకుంటే, "ఆయన అట్టాగే అంటాడు, మొగమాటం" అని నవ్వేస్తారు.

కాబట్టి 2025 జనవరిలో ఆ ఊరి ఆకాశంలో వెలుగు కనపడితే ఫోను నాకే వచ్చింది.

"బావా, ఈసారి నువ్వు రెండు రోజులు ముందే రావాల. పొద్దుగూకితే చాలు, మన ఊరి మీద ఒక వెలుగు వచ్చి నిలబడతా ఉండాది."

"ఏం వెలుగు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తా?"

"రాకెట్టేమో?"

అవతల కాసేపు మాట లేదు. నెల్లూరు జిల్లా వాళ్లని అడగకూడని ప్రశ్న అది. శ్రీహరికోటలో అగ్గిపుల్ల గీసినా ఇక్కడ మిద్దెలెక్కి చూసే జనం. అంతకు రెండు వారాల కిందటే, డిసెంబరు 30 రాత్రి 10 గంటలకు, స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను మోసుకుని పీఎస్‌ఎల్‌వీ లేచింది. ఊరు ఊరంతా మెడలు పట్టేసేలా చూశారు. "రాకెట్టు లేచుద్ది, మండుద్ది, పోతది. ఇది పోవడంలేదు బావా," అన్నాడు మా బావమరిది, చిన్నపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు.

ఆ ఏడు వాళ్లమ్మాయికి కొత్తగా పెళ్లయింది. కొత్త అల్లుడికి అరిసెలు, మణుగుపూలు, ఉంగరం. పాత అల్లుడికి ఆకాశంలో వెలుగు. ఎవరికి తగ్గ మర్యాద వాళ్లకి.

దిగిన పూటే సాక్షుల విచారణ మొదలుపెట్టాను. మా బావమరిది ఇంటి అరుగే కోర్టు. ఎంత పెద్దదిగా ఉంది అన్నది మొదటి ప్రశ్న. మా బావమరిది తాటికాయంత అన్నాడు. వరికి రాత్రిపూట నీళ్లు కట్టే ఆసామి టెంకాయంత అన్నాడు, అదీ ఒలిచిన టెంకాయ. టీ బంకు ఆయన గుమ్మడికాయకి తగ్గేది లేదన్నాడు. ఎంత దూరంలో ఉంది అంటే ఒకరు చింతచెట్టు మీద, ఇంకొకరు కరెంటు స్తంభం పైన. ఏ దిక్కున అంటే మాత్రం ఒక్క గొంతుతో, మాజీ సర్పంచి మిద్దె మీద అన్నారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మాజీ సర్పంచికీ మా బావమరిదికీ కాలవగట్టు తగాదా ఉంది. ఎన్నాళ్లనించో ఇద్దరికీ గుర్తులేదు గానీ, ఉంది. అందుకని ఈ వెలుగుని మా బావమరిది అనుమానంగానూ, మాజీ సర్పంచి గర్వంగానూ చూస్తున్నారు. ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా అది తన మిద్దెనే ఎంచుకోవడంలో ఏదో అంతరార్థం ఉందని ఆయన టీ బంకు దగ్గర అన్నాడట.

తర్వాత మోపెడ్ సాక్షి వచ్చాడు. సాయంత్రం వస్తుంటే ఆ వెలుగు దారి పొడుగునా తన పక్కనే వచ్చిందట. "నేను ఆగితే ఆగింది అయివోరా. నేను కదిలితే కదిలింది. నేను చెంబట్టుకుని పోయినకాడ కూడా అక్కడే ఉండాది." ఇంత నికార్సయిన సాక్ష్యం నాకు మళ్లీ దొరకలేదు. దగ్గరున్న చెట్లు, స్తంభాలు వెనక్కి పోతాయి, ఎక్కడో దూరాన ఉన్నది పోదు. అందుకే మనం నడిస్తే చందమామ కూడా నడుస్తాడు. వెంటపడే వెలుగంటే బాగా దూరంలో ఉన్న వెలుగని ఫిజిక్సు అర్థం. మోపెడ్ ఆసామికి మాత్రం వేరే అర్థం వచ్చింది. అప్పటికే తాయెత్తు కట్టించుకున్నాడు.

వీడియో కూడా ఉంది. నల్లటి తెర, మధ్యలో వణికే తెల్లచుక్క, వెనక "అదిగోరా, అదిగోరా" అని అరుపు, దూరాన ఒక కుక్క. పెద్దది చేసి తీయబోతే ఫోను చూపు చెదిరి, చుక్క కాస్తా పళ్లెమైంది. ఆ పళ్లెం చూశాక గుమ్మడికాయ వాదం బలపడింది. మొత్తం సాక్షుల్లో నేను పూర్తిగా నమ్మింది ఆ కుక్కనే. అది అరిచింది గానీ సైజు చెప్పలేదు.

ఇంతలో కొత్త అల్లుడు, హైదరాబాదు సాఫ్ట్‌వేరు కుర్రాడు, నెమ్మదిగా నా పక్కకి జరిగి తన ఫోను చూపించాడు. పడమటి వైపు తిప్పితే నక్షత్రాల పేర్లన్నీ తెరమీద పడుతున్నాయి. ఆ వెలుగున్న చోట 'వీనస్' అని ఉంది. మొత్తం మూడు సెకన్ల పని. "బాబూ, దాన్ని జేబులో పెట్టు. నాకింకా మూడు రోజుల పరపతి ఉంది," అన్నాను. బుద్ధిమంతుడు, పెట్టేశాడు.

నిజానికి నేను నెల్లూరులో బస్సు దిగినప్పుడే చూశాను, అది శుక్రుడే. జనవరి 10న శుక్రుడు సూర్యుడికి తూర్పున దాదాపు 47 డిగ్రీలు ఎడంగా వెళ్లాడు. అంతకంటే దూరం పోలేడు. అందువల్ల పొద్దుగూకాక మూడు గంటలు పడమట ధగధగలాడుతూ ఉంటాడు. సూర్యచంద్రులు కాక ఆకాశంలో అంత వెలిగేది మరోటి లేదు. కాకపోతే వచ్చీ రాగానే "శుక్రుడు" అనేస్తే రెండు రోజులు ముందొచ్చిన అల్లుడికి విలువేముంటుంది? పైగా కొలవకుండా చెప్పడం శాస్త్రం కాదు. ఆ మాట ముప్పయ్యేళ్లు పిల్లలకి చెప్పాను, ఒకసారైనా చేసి చూడాలిగా.

భోగి రోజు సాయంత్రం వీధిలో నిలబడ్డాను. ఆ రోజు పున్నమి కూడా. తూర్పున నిండు చంద్రుడు, ఆయనకి కొంచెం ఎడంగా ఎర్రటి కుజుడు, పడమట మన కథానాయకుడు. చేయి చాపి చిటికెన వేలు పైకెత్తితే అది ఆకాశంలో ఇంచుమించు ఒక డిగ్రీ మూస్తుంది. చంద్రుడు అర డిగ్రీ. కాబట్టి చిటికెన వేలు వెనక చంద్రుడు దాక్కోగలడు అని చెప్పాను. ఊరు ఊరంతా ఒక కన్ను మూసి, వేళ్లు చాపి చంద్రుణ్ని మాయం చేయడం మొదలెట్టారు. "పోయినాడు! మళ్లీ వచ్చినాడు!" అని పిల్లలు, పిల్లల కంటే ఎక్కువగా పెద్దలు. చంద్రుడే చిటికెన వేలికి సరిపోకపోతే, అందులో పదో వంతు కూడా లేని ఈ చుక్క గుమ్మడికాయ ఎట్లా అవుతుంది అన్నది నా ప్రశ్న. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. లోపల్నించి మా ఆవిడ ద్వారా తాఖీదు వచ్చింది: "పండగపూట చందమామకి వేలు చూపించడం ఏందే, మీ ఆయన్ని ఆపమను."

వేళ్లు ఆపి పిడికిలి ఎత్తాను. అసలు చిక్కు అక్కడొచ్చింది. చాపిన పిడికిలి దాదాపు పది డిగ్రీలు. నేల అంచు నించి ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే వెలుగెంత ఎత్తున ఉందో తెలుస్తుంది. ఒక కన్ను మూసి, పళ్లు బిగించి, ఒక పిడికిలి, దానిపైన రెండోది, దానిపైన మూడోది. గడియారం చూసుకోవడం, పావుగంటాగి మళ్లీ పిడికిళ్లు. మూడింటికి కాస్త పైన మొదలైన వెలుగు గంట గడిచేసరికి పిడికిలిన్నర దిగింది. భూమి తిరిగే వేగం గంటకి 15 డిగ్రీలు కదా, లెక్క అతికినట్టు సరిపోయింది. ఆ ఆనందంలో, నా పిడికిళ్లన్నీ మాజీ సర్పంచి మిద్దె వైపు ఎత్తుతున్నానన్న సంగతి నాకు తట్టలేదు.

ఆయన మనిషి రానే వచ్చాడు. "అయివోరా, మీ బావమరిదికంటే గట్టు తగాదా ఉండాది. మీకేం తగాదా? గంటనించి మా ఇంటి మీదకి పిడికిళ్లు చూపిస్తా ఉండారంట, ఏంది కథ?"

కథంతా చెప్పాను. అతను వెళ్లి ఇంకో కబురుతో వచ్చాడు: ఆ కొలిచేదేదో మా మిద్దెక్కి కొలవమను, కాఫీ ఇస్తాం.

అలా ఎన్నో ఏళ్ల తర్వాత మా బావమరిది ఆ ఇంటి మెట్లెక్కాడు. నా వెనక, నన్ను కాపాడేవాడిలా. మిద్దెమీదకి పోయి చూస్తే వెలుగు అక్కడ లేదు. పక్క ఊరి నీళ్లట్యాంకు మీద ఉంది.

మాజీ సర్పంచి మొహం చూడలేకపోయాను. "ఎంత దూరంలో ఉండాది?" అన్నాడు చాలాసేపటికి.

"సుమారు 10 కోట్ల కిలోమీటర్లు."

"అంటే మన పంచాయతీలో లేదు."

"లేదు."

"నీళ్లట్యాంకు వాళ్లదీ కాదు?"

"వాళ్లదీ కాదు."

దానితో ఆయన కాస్త తేరుకున్నాడు. ఇంకొంచెం ఊరట కలిగిద్దామని లడఖ్ సంగతి చెప్పాను. 2012-13లో అక్కడ సరిహద్దు కాసే మన సైనికులు ఆకాశంలో వెలుగులు చూసి, చైనావాళ్ల డ్రోన్లేమోనని 329 సార్లు రాసి పెట్టుకున్నారు. చివరికి బెంగళూరు ఖగోళ శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి, అవి గురుడూ శుక్రుడూ అని తేల్చారు. మాజీ సర్పంచి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మిలిట్రీవాళ్లే 329 సార్లు చూసినారంటే, మనం పది రోజులు చూడటం తప్పేం కాదు," అన్నాడు. మా బావమరిది తలూపాడు. గట్టు తగాదా మొదలయ్యాక వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అదేననుకుంటాను.

మిగతా ఫిర్యాదులు అరుగు మీదే కొట్టేశాను. ఎరుపూ పచ్చా మారుస్తూ మిణికేది తూర్పు దిక్కున లేస్తున్న సిరియస్. కిందుగా ఉన్నప్పుడు దట్టమైన గాలిలోంచి చూస్తాం కనక అట్లా రంగులు కొడుతుంది. నడినెత్తికి దగ్గర్లో ఉన్నది గురుడు. ఎవరో ఎప్పుడో చూసిన దీపాల రైలు స్టార్‌లింక్ ఉపగ్రహాల వరస, 2019 నించి పైకి పోతున్నాయి. మందుల షాపు కుర్రాడొక్కడే నన్ను నిలదీశాడు: "2022 ఏప్రిల్లో చంద్రాపూర్ జిల్లాలో ఇనపచట్రం పడలా? అది కూడా ముందు వెలుగే కదా?" పడింది నిజమే. చైనా రాకెట్టు ముక్క ఒకటి మండుకుంటూ దిగి, ఒక ఊళ్లో పెద్ద లోహపు వలయం పడేసింది. అది క్షణాల్లో గీతలా పోయింది, ఇది రోజూ ఒకేచోట నిలబడుతోంది అన్నాను. సరేనన్నాడు గానీ, ఆ రాత్రి స్కూటరు వసారా కిందకి జరిపాడని తెలిసింది.

కనుమ నాటికి విచారణ ముగిసింది కదా అని, అరుగుమీద టీ తాగుతూ చివరిసారి వాంగ్మూలాలు సరిచూశాను. ఒక్కటీ మొదటిలా లేదు. తాటికాయ పెరిగింది, టెంకాయ పీచు తొడుక్కుంది, గుమ్మడికాయ కొంచెం చిక్కింది. మూడు టీలయ్యేసరికి అందరూ "చిన్న గుమ్మడికాయంత" దగ్గర రాజీపడ్డారు. ముజఫర్ షెరీఫ్ అనే టర్కీ మనస్తత్వ శాస్త్రవేత్త 1935లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఇదే. చీకటి గదిలో కదలని చిన్న దీపం పెట్టి, అదెంత కదిలిందో చెప్పమన్నాడు. చీకట్లో ఒంటరి చుక్కని తదేకంగా చూస్తే కదులుతున్నట్టే ఉంటుంది, కంటి చలవ. విడివిడిగా అడిగితే తలో లెక్కా చెప్పినవాళ్లు, గుంపుగా కూర్చోబెడితే క్రమంగా ఒకే లెక్కకొచ్చారు. ఆయనకి టీ ఖర్చు ఎంతయిందో గానీ మా అరుగు మీద ముప్పై గ్లాసులకి పైనే.

ఇదంతా చెప్పి, పడమటి వైపు చూశాను. శుక్రుడు చింతకొమ్మ పక్కన కాస్త ఎడమకి జరిగినట్టనిపించాడు. కళ్లు నులుముకున్నాను. మళ్లీ జరిగాడు. "పెద్దదిగానే ఉంది సుమా," అని నా నోటివెంట వచ్చేసింది. టీ బంకు ఆయన మాత్రం విన్నాడు. విని, నా గ్లాసులో ఇంకో టీ పోశాడు.

పండగయ్యాక వచ్చేశాను. మార్చి నెలాఖరులో మా బావమరిది ఫోను.

"బావా, వెలుగు పోయింది!"

పోదా మరి. శుక్రుడు సూర్యుడికీ మనకీ మధ్యకి వచ్చే రోజులు, మార్చి 23న దాటాడు. చెప్పబోతే వినలేదు. "నువ్వు పిడికిలి చూపించి తరిమేసినావని ఊరంతా అనుకుంటా ఉండారు. మోపెడాయన తాయెత్తు కూడా తీసేసినాడు. పక్క ఊళ్లో చింతతోపులో ఏదో ఉండాదంట, నిన్ను పంపమని అడగతా ఉండారు." మిక్సీ నించి దయ్యం దాకా వచ్చింది నా ఉద్యోగం.

ఏప్రిల్ మధ్యలో మళ్లీ ఫోను, ఈసారి తెల్లవారుజామున అయిదింటికి. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"బావా, వచ్చేసింది. తూర్పున."

"అది వేగుచుక్కరా. అదే శుక్రుడు, సూర్యుడికి ఆ పక్కనించి ఈ పక్కకి..."

"అది సరే. నేనిప్పుడు సర్పంచి మిద్దె మీద ఉండా. ఆయనే లేపి పిలిచినాడు. ఇక్కణ్ణించి చూస్తే ఎవరి ఇంటి మీద ఉండాదో తెలుసా?"

"ఎవరింటి మీద?"

"మనింటి మీద." కాసేపు ఊపిరి చప్పుడు మాత్రమే వినపడింది. "ఈసారి వచ్చినప్పుడు పిడికిలి మాత్రం చూపించబాక బావా."