క్షమాదాత గారు

తప్పు చేసినవాడు వచ్చి క్షమించమని అడగడం లోకరీతి. మన క్షమాదాత గారి విషయంలో ఇది తిరగబడింది. క్షమించడానికి ఆయన ఎప్పుడో సిద్ధం. అడగవలసినవాడే ఇరవై ఏళ్లుగా రావడం లేదు. రాకపోగా, ఎదురుపడితే "బాగున్నారా అన్నయ్యగారూ" అని పలకరించి మరీ పోతాడు. అడగనివాడిని క్షమించడమెలాగో తెలియక సతమతమయ్యే ఈ జాతి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటారు. వయసు అరవై దాటి ఉంటుంది, పింఛను టంచనుగా పడుతుంది, పిల్లలు స్థిరపడి ఉంటారు. బీరువాలో పట్టుచీరల కింద ఒక ఫైలుంటుంది.

నేనెరిగినాయనది తెనాలి. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లపాటు ఊళ్లోవాళ్ల బిల్లులన్నిటినీ భూతద్దం పెట్టి చూసి, అబ్జెక్షన్ రాసి తిప్పి పంపిన చెయ్యి అది. రిటైరయ్యాక బిల్లులు రావడం మానేశాయి గానీ చెయ్యి మానలేదు. ఇప్పుడు మనుషుల మీద రాస్తోంది.

ఫైల్లో ముద్దాయి ఆయన తోడల్లుడు. సందర్భం 2004లో తోడల్లుడి కూతురి పెళ్లి. అభియోగాలు మూడు. ఒకటి, పెళ్లికూతురికి వరసకు పెదనాన్న అయిన ఈయన పేరు శుభలేఖలో ఎక్కడా లేదు. అట్టడుగున "బంధుమిత్రుల అభినందనలతో" అన్న ముక్కలో ఊరంతటితో కలిపి ఈయన్నీ సర్దేశారు. రెండు, భోజనాల్లో మూడో బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి పూర్ణాలు అయిపోయాయి. మూడు, వెళ్లొస్తామన్నప్పుడు బొట్టుపెట్టి చేతికిచ్చిన ప్యాంటు, షర్టు గుడ్డలు అంతకు ముందేడాది వాళ్ల గృహప్రవేశానికి ఈయన పెట్టినవే. ఊహ కాదు. గుడ్డ మడతలో కొట్టువాడిచ్చిన బిల్లు అలాగే ఉంది. ఆ బిల్లు ఇప్పుడు ఎగ్జిబిట్ సి.

తోడల్లుడు ఉండేది ఎక్కడో కాదు, అదే తెనాలిలో, మారీసుపేటలో. అక్కచెల్లెళ్లిద్దరూ శుక్రవారం శుక్రవారం గుళ్లో కలుసుకుని కబుర్లన్నీ చెప్పుకుంటారు. ఆ సంగతి ఈయనకు తెలుసు. తెలిసినట్టు కనపడరంతే.

కథ ఆన్‌లైన్‌కి ఎక్కింది బీపీ వల్ల. డాక్టరు మామూలుగా "టెన్షన్లేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఈయన సంచిలోంచి ఫైలు తీశారు. బయట పేషెంట్లు బారులు తీరి ఉన్నారు. డాక్టరు శుభలేఖ దాకా విని, "క్షమించేయండి సార్" అని బిళ్ల రాశాడు. బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో చీటీలో ఉంది. క్షమించడం మాత్రం తిండికి ముందో తర్వాతో, రోజుకెన్నిసార్లో రాయలేదు. ఆ లోటు గురించి ఆయన బెంగళూరులో ఉన్న కూతురికి ఫోన్ చేశారు.

కూతురికి ఈ కేసు వినీ వినీ కంఠతా వచ్చు. "నాన్నా, దీనికి థెరపిస్టులుంటారు. ఫోన్లోనే చూస్తారు, నువ్వు గడప దాటక్కర్లేదు" అంది. ఎవరెవరు ఏమిటో కూడా విడమరిచి చెప్పింది. సైకియాట్రిస్టంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యం చదివినవాడు, మందు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయడు, మాటలతోనే వైద్యం. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడిగి చూసుకో. లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టినవాడికి ఏ నంబరూ ఉండనక్కర్లేదు, జాగ్రత్త. ఇంత ఉపన్యాసంలోనూ క్షమాదాత గారికి నచ్చింది నంబరు అడగడమొక్కటే.

"అసలు డబ్బే అక్కర్లేదు నాన్నా. 14416కి కొడితే టెలి మానస్ వాళ్లు పలుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు" అని కూడా చెప్పింది. ఎవరికి ఏ వేళప్పుడు మనసు చెదిరినా దారి చూపించే నంబరది, గుర్తుంచుకోవలసిందే. క్షమాదాత గారు మాత్రం కొట్టిపారేశారు. "ఉచితమైతే వద్దు. డబ్బు కట్టకపోతే అబ్జెక్షన్ చెప్పే హక్కుండదు."

ఇక థెరపిస్టు కోసం వేట. కూతురు పంపిన ఫొటోల జాబితాను ఆయన పెళ్లి సంబంధాలు చూసినంత శ్రద్ధగా చూశారు. మొదటి అమ్మాయికి పెళ్లి కాలేదు. "తోడల్లుడంటే ఏమిటో పుస్తకంలో చదివి తెలుసుకుంటుందా?" అని పక్కన పెట్టారు. రెండో ఆయన బయోడేటాలో ఆందోళన, నిద్రలేమి, దాంపత్య సమస్యలు ఉన్నాయి. బంధువుల ఊసు లేదు. మూడో ఆయన అన్నివిధాలా నచ్చాడు గానీ ఇంటిపేరు తోడల్లుడి మేనమామల ఇంటిపేరు. "న్యాయం జరగదు" అని అక్కడికి ఆపేశారు. నాలుగో ఆవిడది హైదరాబాదు. ఎం.ఫిల్., రిజిస్ట్రేషన్ నంబరుంది, తెలుగు వచ్చు, పెళ్లయింది, పైగా ఆవిడ భర్తకీ ఒక తోడల్లుడున్నాడని కూతురు ఎలాగో కనుక్కుంది. అలా ఖాయమైంది.

ముందుగా ఫారం నింపాలి. ఆయనకు అది పండగ. పేరు, వయసు, వాడే మందులు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం మీద రాసుకుని, తర్వాత ఫోన్లో ఎక్కించారు. ఒక గడి దగ్గర మాత్రం ఆగిపోయారు. "అత్యవసర పరిస్థితిలో సంప్రదించవలసిన దగ్గరివారు, అదే ఊళ్లో ఉండేవారు." భార్య నంబరు ఇద్దామంటే ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. ఆ గడి నింపకపోతే ఫారం కదలదు. చాలాసేపు కూర్చున్నారు. చివరికి పుస్తకం చూడకుండా పది అంకెలూ నొక్కారు. తోడల్లుడి నంబరు. "అవసరమైతే మంచమెత్తడానికి రావలసింది వాడే కదా" అని సణుక్కున్నారు.

సెషన్ యాభై నిమిషాలు. గదిలో ఒంటరిగా ఉన్నారా, మాటలు బయటికి వినపడవు కదా అని ఆవిడ అడిగారు. "గోప్యత అక్కర్లేదమ్మా, ఈ కేసు మా వీధి మొత్తానికి తెలుసు" అని ఈయన స్పీకరు పెట్టారు. మొదటి సెషన్ వరసలు వివరించడానికే సరిపోయింది. ఆవిడ ఓపిగ్గా విని, "అప్పుడు మీకేమనిపించింది?" అన్నారు.

"అనిపించడమేమిటమ్మా, జరిగింది! ఆధారాలున్నాయి. కెమెరా ముందు పెట్టమంటారా?"

ఈ జాతివారి గుట్టంతా ఇక్కడే ఉంది. వాళ్లు థెరపిస్టు కోసం వెతకరు, జడ్జి కోసం వెతుకుతారు. తీర్పు తమవైపు వచ్చాక, కోర్టు నిండా జనం ఉండగా, ముద్దాయిని పెద్దమనసుతో వదిలేయాలి. ఆ వదిలేయడానికే వాళ్లు క్షమ అని పేరు పెట్టుకున్నారు.

రెండో సెషన్లో ఆవిడ శాస్త్రం ఎత్తుకున్నారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎన్‌రైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారనీ, క్షమించడాన్ని ఆయన నాలుగు దశలుగా చెప్పారనీ వివరించారు. దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకోవడం, క్షమిద్దామని నిర్ణయించుకోవడం, అవతలివాణ్ని అర్థం చేసుకునే కష్టం పడటం, చివరికి ఆ బాధలోంచి ఒక అర్థం వెతుక్కోవడం. క్షమాదాత గారు నోటు పుస్తకంలో రాసుకుని, "మొదటి దశలో నాకు ఇరవై ఏళ్ల సర్వీసుంది. ప్రమోషన్ ఎప్పుడు?" అన్నారు.

మరో శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ సంగతీ చెప్పారావిడ. క్షమ మీద పరిశోధన చేస్తూ ఐదు మెట్ల పద్ధతి తయారుచేసినాయన. 1996లో ఆయన తల్లిని ఇంట్లోకి చొరబడ్డవాడెవడో చంపేశాడు. అప్పటిదాకా ఇతరులకు చెప్పిన పద్ధతిని తన మీదే ప్రయోగించుకుని, ఆ హంతకుణ్ని క్షమించాడు. ఎంతటివాడైనా ఇది విని ఒక్క క్షణం మౌనం వహిస్తాడు. ఈయనా వహించారు. వహించాక అన్నారు: "మహానుభావుడు. కాదనను. కానీ ఆ చంపినవాడు పరాయివాడమ్మా. ఆదివారం ఆదివారం రైతుబజారులో ఎదురుపడి వంకాయలెంత అన్నయ్యగారూ అని అడగడు కదా."

ఆ వర్తింగ్టనే క్షమను రెండు రకాలుగా విడదీశాడు, నిర్ణయించుకుని క్షమించడం ఒకటి, మనసులో క్షమించడం ఒకటి, మొదటిది అయినా రెండోదానికి ఆలస్యం కావచ్చు అని ఆవిడ చెబుతుంటే క్షమాదాత గారి ముఖం వెలిగింది. "శాంక్షనైంది, రిలీజు కాలేదు. అలా చెప్పండి మరి! మా ట్రెజరీలో ఇది రోజూ ఉండేదే."

ఆవిడ పురాణం వైపు నుంచి కూడా ప్రయత్నించారు. కన్నకొడుకులను నిద్రలో చంపిన అశ్వత్థామను వదిలేయమని ద్రౌపది అన్నది కదా అన్నారు. పోతన గారి భాగవతం ఇంట్లో ఉన్న మనిషి ఊరుకుంటారా? "వదలమంది, నిజమే. కానీ జుట్టు కోసి, తలలో మణి ఊడబెరికాకే కదా వదిలారు? నేను మణి అడగడం లేదమ్మా. శుభలేఖకి సవరణ వేయమంటున్నానంతే."

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. క్షమించడమంటే రాజీ పడటం కాదనీ, రాకపోకలు మొదలుపెట్టాలనేమీ లేదనీ, అది మీలో జరిగే పని గనక అవతలివారికి తెలియనక్కర్లేదనీ ఆవిడ అన్నారు. క్షమాదాత గారు నిర్ఘాంతపోయారు. "వాడికి తెలియకుండానా! తెలియకుండా క్షమిస్తే ఇక క్షమించి ఏం లాభం?" గుడికి ఫ్యాను ఇచ్చినాయన రెక్కల మీద పేరు రాయించుకుంటాడు. తిరిగితే కనపడదు కాబట్టి ఫ్యాను వేయనివ్వడు. ఈయన క్షమ ఆ ఫ్యాను. ఇరవై ఏళ్లుగా తిరగకుండా, పేరు కనపడేలా వేలాడుతోంది.

అయినా ఆవిడ హోంవర్కు ఇచ్చారు. తోడల్లుడికి మనసులో ఉన్నదంతా ఉత్తరం రాయండి, కానీ పోస్టు చేయకండి అని. ఆయన రాశారు. విషయము, సూచిక, దానికింద జతపరచినవి ఎ, బి, సి. పోస్టు చేయలేదు. ఫొటోలు తీసి రెండు వైపుల చుట్టాలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "పోస్టు చేయవద్దన్నారు, చేయలేదమ్మా" అన్నారు మరుసటి సెషన్లో, ఏ నియమమూ తప్పని మనిషిలా. గ్రూపులో మొదట స్పందించింది తోడల్లుడే. దండం బొమ్మ పెట్టాడు. అది క్షమాపణో, సాయంకాల నమస్కారమో తేల్చడానికి ఒక సెషన్ ఖర్చయింది.

ఆవిడ దారి మార్చారు. తీర్పులు పక్కన పెట్టి ఆ రోజు జరిగింది జరిగినట్టు, కళ్లకు కట్టినట్టు చెప్పమన్నారు. పందిరి ఎలా ఉంది, ఎవరెవరు పలకరించారు, విస్తట్లో ఏమేం పడ్డాయి. క్షమాదాత గారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. పప్పు, గుత్తివంకాయ, పులిహోర, పెరుగావడ... "తీపి?" అని ఆవిడ అడిగారు. "పూర్ణాలు అయిపోయాయని చెప్పానుగా" అన్నారీయన. వంటింట్లోంచి ఇల్లాలి గొంతు వినపడింది, అరిచినట్టు కాదు, ఉప్పెక్కడుందో చెప్పినంత మామూలుగా:

"ఆ పెళ్లిలో పూర్ణాలెక్కడివి? బొబ్బట్లు. మీరు రెండు తిన్నారు. నెయ్యి మళ్లీ అడిగారు."

స్పీకరు పెట్టుకున్నందుకు ఫలితం. అభియోగ పత్రంలో రెండో నంబరు గాల్లో వేలాడింది. ఆవిడ ఏమీ అనలేదు, మంచి థెరపిస్టులు ఇలాంటప్పుడు ఏమీ అనరు. క్షమాదాత గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం వల్ల కాదు, రికార్డులో తప్పుండటం వల్ల. ఆడిట్ మనిషి సహించలేనిది అదొక్కటే. తెల్లవారాక, ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఆయనే మారీసుపేటకు ఫోన్ చేశారు. కుశల ప్రశ్నలు లేవు. "మీ అమ్మాయి పెళ్లిలో వేసింది పూర్ణాలా, బొబ్బట్లా?" అన్నారు.

అవతల తోడల్లుడు, "బొబ్బట్లే అన్నయ్యగారూ. కానీ మీరు కూర్చున్నది మూడో బంతి కాదు, రెండోది. మొదటి బంతికి పిలిస్తే రానని మీరే అలిగారు. ఆ అలక నేనూ మర్చిపోలేదు" అన్నాడు. అంటే మారీసుపేటలోనూ ఒక ఫైలుందన్నమాట. ఇద్దరూ గంట దాటి వాదించుకున్నారు. వంటవాడి పేరు, వర్షం పడిందా లేదా, గుడ్డల బిల్లు, అన్నీ వచ్చాయి. ఇంత సేపూ పైసా ఫీజు లేకుండా.

"మాట్లాడారా!" అని థెరపిస్టు సంతోషించబోతే ఈయన ఆపారు. "మాట్లాడటం కాదమ్మా, వెరిఫికేషన్. నేనింకా ఏమీ క్షమించలేదు. బంతి సంగతి తేలాలి. పెళ్లి వీడియో వాడి దగ్గరుంది, ఆదివారం పట్టుకొస్తానన్నాడు. ఇద్దర్నీ భోజనానికి ఉండమన్నాను, ఎంతసేపు పడుతుందో తెలీదుగా."

ఆదివారానికి ఆయనకు సెషన్ ఉంది. శనివారం రాత్రి గుర్తొచ్చి రద్దు చేశారు. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకపోతే ఫీజు వెనక్కి రాదని తెర మీద ఎర్రక్షరాల్లో పడింది. క్షమాదాత గారు దాన్ని పూర్తిగా చదివారు, సరే నొక్కారు. అబ్జెక్షన్ రాయలేదు.